చెట్టు ఊరిది, మేత తంపరది

తొలకరి పడగానే ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో పెద్ద చెట్ల మీద నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టడం మొదలుపెడతాయి. అవి పిల్లలను లేవదీసుకుని పోయే కార్తీకం నాటికి టెక్కలి మండలం తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కుదురుకుని ఉంటాయి. వేసవి మొదలయ్యేదాకా అవి అక్కడే. రెండూ శ్రీకాకుళం జిల్లా తీరానికి చేరువలో ఉన్న మామూలు రైతుల ఊళ్లు. సెలవు దొరికితే గరివిడి, చీపురుపల్లి, విజయనగరం వైపు నుంచి కూడా కుటుంబాలు, బడిపిల్లలు, కెమెరాలు పట్టుకున్న యువకులు ఈ ఊళ్లకు వెళుతున్నారు. సినిమా హాలు, షాపింగ్ మాల్ తప్ప సెలవుదినానికి మరో దారి తెలియని మన చిన్న పట్నాలకు ఇది ఆరోగ్యకరమైన మార్పే. అయితే ఈ రాకపోకలు పెరిగే కొద్దీ మన ఆలోచన స్వాగత తోరణం, వీక్షణ మందిరం, పార్కింగ్ స్థలం దగ్గరే ఆగిపోతోంది. పక్షులు ఇన్నేళ్లుగా ఈ ఊళ్లను నమ్ముకోవడానికి కారణాలు రెండు. గూడు కట్టిన చెట్టును నరకని ఊరివాళ్లు మొదటిది. ఆ గూటి నుంచి ఎగిరి వెళ్లి మేత తెచ్చుకునేంత దూరంలో ఉన్న తంపరలనే పల్లపు చిత్తడి నేలలు, ఉప్పు మడులు, చెరువులు, వరిచేలు రెండోది. మన సందర్శన ఈ రెంటికీ బలం ఇస్తేనే మేలు. ఇవ్వని సందర్శన, ఎంత ప్రేమతో చేసినా, పక్షికి అదనపు భారమే.

ముందుగా తొలగించుకోవలసిన అపోహ ఒకటుంది. ఈ పక్షులు సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరి వస్తాయన్న మాట ఏటా వార్తల్లో, ప్రసంగాల్లో వినిపిస్తూనే ఉంటుంది. అది నిజం కాదు. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ మూడూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. సైబీరియా, మధ్య ఆసియా ప్రాంతాల నుంచి చలికాలంలో మన తీరానికి వచ్చేవి వేరే ఉన్నాయి. రకరకాల బాతులు, ఉల్లంకులు ఆ కోవలోవి. అవి ఇక్కడ మేత మేసి, చలి గడుపుకుని, ఎండలు ముదరకముందే తిరిగి పోతాయి. ఇక్కడ గూడు కట్టవు. తేలినీలాపురం, తేలుకుంచిల్లో జరిగేది అందుకు భిన్నం. ఇక్కడ గుడ్లు పొదుగుతాయి, పిల్లలు రెక్కలు తెచ్చుకుంటాయి. అంటే ఇది వాటి పుట్టినిల్లు. ఈ పక్షులు దూరాలు తిరగవని కాదు. భరత్‌పూర్‌లో కాలికి రింగు వేసిన నత్తగుల్ల కొంగ పిల్లలు ఎనిమిది వందల కిలోమీటర్ల తూర్పున దొరికాయి. థాయ్‌లాండ్‌లో రింగు వేసిన పక్షి ఒకటి పదిహేను వందల కిలోమీటర్లు దాటి బంగ్లాదేశ్‌లో కనిపించింది. నీళ్లు, నత్తలు, చేపలు ఎక్కడుంటే అక్కడికి అవి తిరుగుతాయి. నీటి వెంట, మేత వెంట సాగే ఈ తిరుగుడుకూ, ఖండాలు దాటి వచ్చే శీతాకాలపు వలసకూ పోలిక లేదు.

ఈ తేడా పక్షి శాస్త్రవేత్తలకు మాత్రమే పట్టే విషయం అనిపించవచ్చు. మన బాధ్యత మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. పక్షి సైబీరియాది అనుకున్నప్పుడు దాని కష్టసుఖాలు కూడా ఎక్కడో దూరదేశంలో తేలతాయని అనుకుంటాం. ఒక ఏడు తక్కువగా వస్తే అక్కడేదో జరిగిందని సరిపెట్టుకుంటాం. అవి మన పక్షులే అని ఒప్పుకున్నప్పుడు తగ్గుదలకు కారణం మన చెరువులో, మన పొలంలో, మన తీరంలో వెతకాలి. మన గరివిడి చుట్టుపక్కల దుక్కి చేసిన మడుల్లో, ఊరి బందల్లో వానాకాలం నిలబడి కనిపించే నత్తగుల్ల కొంగ తేలుకుంచిలో గూడు కట్టే జాతిదే. దాని ముక్కు రెండు దవడల మధ్య సందు ఉంటుంది. నత్తను గుల్లలోంచి ఒడుపుగా లాగి తినడానికి అమరిన ముక్కు అది. నత్త ఉండాలంటే నీరు నిలవాలి, ఆ నీటిలో విషం ఉండకూడదు. పురుగుమందు ఎక్కువైన చేలో నత్త బతకదు. నత్త లేని చోట ఆ కొంగ పిల్లను సాకలేదు. అందుకని ఈ పక్షుల భవిష్యత్తు రెండు ఊళ్ల పొలిమేరలో తేలేది కాదు. ఉత్తరాంధ్ర వ్యవసాయం, నీటి వాడకం ఏ దారిన పోతే అవీ ఆ దారినే పోతాయి.

ఇప్పుడు ఊరి సంగతి చూద్దాం. తేలుకుంచిలో పక్షులు వస్తే వానలు బాగా పడతాయని, రాని ఏడు ఊరికి మంచిది కాదని పెద్దల నమ్మకం. తేలినీలాపురంలోనూ పక్షిని కొట్టడం తప్పని పిల్లలకు నేర్పుతారు. చట్టం పుస్తకాల్లో చేరకముందే ఈ కట్టుబాటు పుట్టింది. వందలాది పెద్ద పక్షులు ఇళ్ల మధ్య గూళ్లు కడితే కలిగే ఇబ్బంది సామాన్యమైనది కాదు. రెట్టలు పెంకుల మీద, వాకిట్లో, ఆరేసిన బట్టల మీద పడతాయి. జారిపడిన చేపలు, గుల్లలు కుళ్లి వాసన వేస్తాయి. రాత్రీపగలూ రొద. చింతచెట్టు ఉన్న ఇంటివాళ్లు కాపును సరిగా దింపుకోలేరు, అవసరానికి చెట్టును అమ్ముకోలేరు. ఈ నష్టాన్ని ఎవరూ లెక్క కట్టి ఇవ్వకపోయినా ఇన్నేళ్లుగా భరిస్తున్నారు. దీన్ని మనం సంస్కృతి అని పొగిడి వదిలేస్తున్నాం. పొగడ్త ఒక తరానికి సరిపోవచ్చు. పెంకుటింటి స్థానంలో స్లాబు ఇల్లు కట్టుకోవాలనుకునే కొడుకుకు, పెరటి చెట్టు స్థలంలో ఒక గది వేసుకోవాలనుకునే కూతురికి ఆ పొగడ్త ఏ ఆసరా ఇస్తుంది? నమ్మకం మీద నిలిచిన రక్షణకు ఆర్థికమైన దన్ను కూడా తోడు కాకపోతే, ఒక్కో ఇల్లు మారుతూ, ఒక్కో చెట్టు పోతూ, ఎవరి తప్పూ లేకుండానే గూళ్లు కరిగిపోతాయి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెబుతున్నది కాదు. మన రాష్ట్రంలోనే ఇలాంటి అనుభవం ఉంది. పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1946లో పశ్చిమ గోదావరి ప్రాంతంలోని ఆరేడులో గూడబాతుల పెద్ద స్థావరాన్ని గుర్తించి లోకానికి చెప్పారు. దేశంలోని పక్షి శాస్త్రవేత్తలందరూ ఆసక్తిగా చూసిన ఆ స్థావరం మూడు దశాబ్దాలు తిరగకముందే మాయమైంది. పొరుగు రాష్ట్రాల్లో ఇందుకు భిన్నమైన కథలున్నాయి. తమిళనాడులోని వేదాంతంగళ్ రైతులు సైనికుల వేట మీద ఫిర్యాదు చేసి, 1798లో చెంగల్పట్టు కలెక్టర్ లయొనెల్ ప్లేస్ నుంచి తమ చెరువు పక్షులను కాపాడుకునే హక్కును రాయించుకున్నారు. రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువుగా పనిచేయడం వాళ్లకు తెలుసు. పక్షికి, పంటకు ఉన్న లంకె అక్కడ ఊరికి కళ్లెదుట కనబడేది. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరు కూడా తేలుకుంచి లాంటిదే. ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. అక్కడ గూళ్లున్న చెట్ల యజమానులకు అటవీశాఖ పరిహారం ఇస్తూ వచ్చింది. 2007లో ఆ ఊరిని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించారు. ఊరి మమకారానికి హక్కు, ఆదాయం తోడైనచోట పక్షి నిలిచిందని ఈ రెండు ఊళ్లూ చెబుతున్నాయి.

రాష్ట్రంలో చట్టప్రకారం ప్రకటించిన కొల్లేరు, పులికాట్, నేలపట్టు, కోరింగ అభయారణ్యాల వరుసలో మన రెండు ఊళ్లు లేవు. మరి అభయారణ్యంగా ప్రకటిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. సరిపోదు సరికదా, నష్టం కూడా కలగవచ్చు. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించాక ఏం జరిగిందో తెలుగువారందరికీ తెలుసు. సరస్సులో పెరిగిపోయిన చేపల చెరువులను 2006లో గండ్లు కొట్టి ధ్వంసం చేయాల్సి వచ్చింది. ఆ చెరువుల మీద బతుకు కట్టుకున్నవారికీ, చట్టానికీ మధ్య వివాదం నేటికీ ఒక కొలిక్కి రాలేదు. అక్కడ సరిహద్దు గీసి మనుషులను బయట నిలబెట్టే పద్ధతిని, మనుషుల వల్లే పక్షి నిలిచిన ఊళ్లకు తెచ్చి పెడితే, కాపాడేవాడినే నేరస్థుడిని చేసినట్టవుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ ఇందుకు మెరుగైన దారి చూపింది. ప్రైవేటు లేదా ఉమ్మడి భూముల్లో ప్రజలు స్వచ్ఛందంగా ముందుకు వస్తే ఆ ప్రాంతాన్ని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. నిర్వహణ కమిటీలో పంచాయతీ ప్రతినిధులదే పెద్ద సంఖ్య, అటవీశాఖ నుంచి ఒకరుంటారు. భూమి యాజమాన్యం మారదు. తేలినీలాపురం, తేలుకుంచి గ్రామసభలు చర్చించి నిర్ణయించుకోవలసిన మార్గం ఇది. అధికారులు చేయవలసింది ఆ చర్చకు పూర్తి సమాచారం ఇవ్వడం, నిర్ణయం వెలువడితే వెంటనే అమలుకు పూనుకోవడం.

ఇక సందర్శకుల ప్రవర్తన గురించి. గూళ్లున్న కాలంలో ఈ ఊళ్లు పురిటిల్లు వంటివి. పురిటింటికి చూడవచ్చినవారు గుమ్మం దగ్గరే ఆగుతారు, గొంతు తగ్గిస్తారు, ఎక్కువసేపు కూర్చోరు. ఆ మర్యాద ఇక్కడ అవసరమవడానికి గట్టి శాస్త్రీయ కారణం ఉంది. జనం చెట్టు కిందికి చేరితే, చప్పట్లు కొట్టి ఎగరగొడితే, తల్లిపక్షి గూడు వదిలి లేస్తుంది. ఆ కొద్దిసేపట్లోనే కాకులు, గద్దలు గుడ్లను, పసికూనలను ఎత్తుకుపోతాయి. ఈకలు రాని పిల్లకు తల్లి రెక్కల నీడే గొడుగు. మధ్యాహ్నపు ఎండలో ఆ నీడ తప్పితే పిల్ల వడలి చనిపోతుంది. బెదిరిన పెద్ద పిల్లలు గూటి అంచు దాటి కింద పడతాయి. కిందపడ్డ పిల్లను మళ్లీ ఆ ఎత్తుకు చేర్చడం కష్టం. మంచి ఫొటో కోసం గూటి పైకి డ్రోను ఎగరేసినా ఇదే జరుగుతుంది. ఇంత చెప్పాక, మనుషులు రావద్దనడం మాత్రం న్యాయం కాదు. రోజూ తమ మధ్య తిరిగే ఊరివాళ్లకు ఈ పక్షులు అలవాటుపడ్డాయి. అలవాటు లేని గుంపులు, అరుపులు, టపాసులు, హారన్లు వాటిని కలవరపెడతాయి. గూళ్లకు కనీస దూరం, ఒక్కసారి లోపలికి వెళ్లేవారి సంఖ్యకు పరిమితి, బైనాక్యులర్లు అద్దెకు దొరికే ఏర్పాటు, డ్రోన్ల మీద నిషేధం, వాహనాలు ఊరి బయటే ఆపే నియమం: ఇవి ఐదూ అమలైతే చాలు. వీటిలో పెద్ద ఖర్చుతో కూడినది ఒక్కటీ లేదు.

దీనికి ఎదురయ్యే ప్రశ్న కూడా ఊహించదగిందే. శ్రీకాకుళం నుంచి ఏటా వేలమంది కూలిపనులకు దూరప్రాంతాలకు వలసపోతుంటే, నాలుగు డబ్బులు తెచ్చే పర్యాటకానికి ఆంక్షలు పెట్టడమేమిటని అడుగుతారు. ఆదాయం కావాలన్నది నిజమే. ఆ ఆదాయం ఎవరికి చేరుతున్నదన్నది అంతకన్నా ముఖ్యం. ఉదయం కారులో వచ్చి, మధ్యాహ్నం హైవే మీది హోటల్లో భోంచేసి వెళ్లిపోయే సందర్శకుడి వల్ల చెట్టు యజమానికి రూపాయి కూడా రాదు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే మరో తీరు కనిపిస్తుంది. చిలికా సరస్సు ఒడ్డున మంగళాజోడి ఒకప్పుడు నీటిపక్షుల వేటకు పేరుమోసిన ఊరు. అక్కడి వేటగాళ్లే ప్రమాణం చేసి కాపలాదారులయ్యారు. ఇప్పుడు వాళ్లు పడవ నడుపుతూ పక్షులను పేరుపేరునా చూపించి జీవిస్తున్నారు. ఏ రెల్లు పొదలో ఏ పక్షి ఉంటుందో వాళ్లకు తెలిసినంతగా బయటి గైడుకు తెలియదు. ఆ జ్ఞానానికే అక్కడ విలువ కట్టారు. మన ఊళ్లలోనూ ఆ జ్ఞానం ఉంది. ప్రవేశ రుసుములో పెద్ద వాటా గూళ్లున్న చెట్ల యజమానులకు, మిగిలింది ఊరి పారిశుద్ధ్యానికి చేరాలి. గైడ్లుగా ఆ ఊరి యువతీయువకులనే శిక్షణ ఇచ్చి నియమించాలి. భోజనం స్వయం సహాయక సంఘాల మహిళలు వండి వడ్డించే ఏర్పాటు ఉండాలి. అలా చేస్తే గూడున్న చెట్టు నరికితే వచ్చే సొమ్ము కన్నా నిలబెడితే వచ్చే సొమ్ము మేలని ఇంటింటికీ లెక్క తెలుస్తుంది. ఆంక్ష ఆదాయానికి అడ్డు రాదు. ఆ ఆదాయం ఏళ్ల తరబడి నిలవడానికి అదే పూచీ.

చెట్టు దక్కినంత మాత్రాన పక్షి దక్కదు. తేలినీలాపురంలో గూడబాతు పిల్లను పెంచేది నౌపడ తంపర. సముద్రపు పోటు నీరు, వాగుల మంచినీరు కలిసే పల్లపు నేల అది. పక్కనే ఉప్పు మడులు, బురద మేటలు, చిన్న కయ్యలు. పక్షి శాస్త్రవేత్తలు తేలినీలాపురాన్ని ముఖ్యమైన పక్షి ఆవాసంగా గుర్తించారు. గూళ్లతో పాటు వాటికి అండగా ఉన్న ఈ నీటి ప్రాంతాన్నీ చూస్తేనే ఆ గుర్తింపుకు అర్థం ఉంటుంది. కానీ రెవెన్యూ దస్తావేజుల్లో ఇలాంటి నేలకు బంజరు అన్న ముద్ర ఎప్పటి నుంచో ఉంది. ఆ ముద్రతోనే సోంపేటలో బీల అనే చిత్తడి నేలలో, కాకరాపల్లి తంపరలో ఒక్కొక్కటి 2,640 మెగావాట్ల చొప్పున థర్మల్ విద్యుత్ కేంద్రాలు తలపెట్టారు. బీల నీటి మీద సేద్యం, చేపలవేట చేసుకునే జనం ఎదురుతిరిగారు. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సోంపేట ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. ఆ నేల బంజరు కాదని, జలసంపద ఉన్న చిత్తడి నేల అని అక్కడి రైతులు, మత్స్యకారులు ప్రాణాలిచ్చి రుజువు చేయాల్సి వచ్చింది. నేడు తేలినీలాపురంలో పక్షిని చూసి మురిసిపోయే ప్రతి ఒక్కరూ ఆ పోరాటానికి ఋణపడి ఉన్నారు.

అయినా చట్టంలో పెద్ద వెలితి మిగిలే ఉంది. కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల నిబంధనలు వరిచేలను, తాగునీటికి, సాగునీటికి మనుషులు తవ్వుకున్న చెరువులను, ఉప్పు తయారీకి, ఆక్వా సాగుకు కట్టిన మడులను చిత్తడి నేలల నిర్వచనం నుంచి మినహాయించాయి. మన పక్షులు మేతకు వాలే చోట్లలో చాలా భాగం ఈ మినహాయింపుల్లోనే ఉంది. 2019 నాటి తీరప్రాంత నియంత్రణ మండలి ప్రకటన పక్షులు గూళ్లు కట్టే ప్రదేశాలకు, బురద మేటలకు, ఉప్పునీటి చిత్తడి నేలలకు అత్యున్నత రక్షణ ఇచ్చింది. అది వర్తించేది తీరరేఖకు, పోటునీటి పాయలకు అంటుకుని ఉన్న మేరకే. ఈ రెంటికీ మధ్య పడిపోయిన నేలను కాపాడవలసింది జిల్లా యంత్రాంగం, పంచాయతీలు. ఏ తంపర ఎన్ని ఎకరాలు, ఏ పాయలో పోటునీరు ఎంతవరకు వస్తుంది, ఏ నెలలో ఏ పక్షి ఎక్కడ మేస్తుంది అన్న వివరాలతో పటం తయారు చేసి, గ్రామసభల ముందు పెట్టి, భూవినియోగం మార్చే ప్రతి దరఖాస్తునూ ఆ పటంతో సరిచూడాలి.

అభివృద్ధి వద్దంటారా అన్న ప్రశ్న ఇక్కడ తప్పకుండా వస్తుంది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన ఓడరేవు మీద ఉత్తరాంధ్ర యువత ఎన్నో ఆశలు పెట్టుకుంది. ఆ ఆశలను తోసిపుచ్చే హక్కు ఎవరికీ లేదు. ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం చుట్టూ పెరిగిన గరివిడికి పరిశ్రమ ఇచ్చే జీతం విలువ, అది మూతపడే రోజు వచ్చే కష్టం రెండూ తెలుసు. కాబట్టి ఓడరేవు వద్దని ఈ వ్యాసం అనడం లేదు. ఓడరేవు వెంట వచ్చే రోడ్లు, గోదాములు, మెరక చేసిన స్థలాలు తంపరకు నీరు తెచ్చే పాయలను పూడ్చివేయకూడదని అంటున్నది. రోడ్డు కట్ట కింద తగినన్ని తూములు పెట్టడం, అనుబంధ పరిశ్రమలను మెట్ట భూముల వైపు తరలించడం, రాత్రి దీపాల వెలుగు గూళ్ల మీద పడకుండా చూడటం ఇంజనీర్లకు అసాధ్యమైన పనులు కావు. ఇవి మొదట్లోనే చేస్తే ఖర్చు తక్కువ. తంపర ఎండిపోయాక తిరిగి తెచ్చే ఇంజనీరింగ్ ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు. పైగా తంపర పక్షికి మాత్రమే పనికొచ్చేది కాదు. తుపాను వరద వచ్చినప్పుడు నీటిని పీల్చుకుని ఊళ్లను కాపాడేది అదే. చిన్న చేపల వేటకు, పశువుల మేతకు అదే ఆధారం. దాన్ని కోల్పోయిన ఊరు ఓడరేవు జీతంతో ఆ లోటు పూడ్చుకోలేదు.

పక్షికి, మనిషి వృత్తికి ఉన్న సంబంధం ఎంత దగ్గరిదో 2021-22 శీతాకాలం చూపించింది. తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. చేపల ద్వారా కడుపులో చేరిన పరాన్నజీవి పురుగులు అందుకు కారణమని, ఆ చేపలు చుట్టుపక్కల చెరువుల నుంచి వచ్చి ఉంటాయని అధికారులు అనుమానించారు. అంతర్జాతీయ ఎర్రజాబితాలో ముప్పుకు చేరువైన జాతిగా నమోదైన పక్షికి ఒక్క చోట ఒక్క సీజనులో అంత నష్టం చిన్నది కాదు. చేపల చెరువుల ఆరోగ్యాన్ని ఎవరు పరీక్షిస్తున్నారు, చనిపోయిన పక్షి నమూనా ఎన్ని గంటల్లో ఏ ప్రయోగశాలకు చేరుతుంది, బర్డ్ ఫ్లూ వంటిది అయితే కోళ్ల రైతుకు హెచ్చరిక ఎప్పుడు అందుతుంది అన్నవి ఆనాడు ఎదురైన ప్రశ్నలు. ఇక్కడే గరివిడికి ఒక ప్రత్యేకమైన పాత్ర ఉంది. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల గరివిడిలోనే ఉంది. ఈ రెండు పక్షి ఊళ్ల నుంచి కొన్ని గంటల ప్రయాణ దూరంలో పశువైద్య నిపుణులు, విద్యార్థులు ఒక్కచోట ఉన్నారన్నమాట. అటవీశాఖ, మత్స్యశాఖ, ఈ కళాశాల కలిసి గూళ్ల కాలమంతా పక్షుల ఆరోగ్యం మీద క్రమం తప్పని నిఘా పెడితే, వ్యాధిని తొలి పక్షి పడినప్పుడే పట్టుకోవచ్చు. కిందపడిన పిల్లలకు ప్రథమ చికిత్స చేయడం ఊరి యువతకు నేర్పవచ్చు. విద్యార్థులకు వన్యప్రాణి వైద్యంలో పుస్తకంలో దొరకని అనుభవం దక్కుతుంది. కోళ్ల రైతుకు, చేపల రైతుకు, పక్షికి ఒకేసారి మేలు చేసే ఇలాంటి పని మన దగ్గర మరొకటి వెతికినా దొరకదు.

వాతావరణం తెచ్చిపెట్టే ప్రమాదాన్నీ లెక్కలో వేసుకోవాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. ఆ నెలలోనే తేలుకుంచిలో పిల్లలు ఎగరడానికి సిద్ధమవుతాయి, తేలినీలాపురానికి కొత్త జంటలు చేరుతుంటాయి. ఒక్క రాత్రి గాలికి పదుల ఏళ్ల వయసున్న చెట్టు కూలితే దాని స్థానాన్ని భర్తీ చేయడానికి మళ్లీ అన్నేళ్లు పడుతుంది. కొల్లేరు అంచున ఆటపాకలో గూళ్ల కోసం ఇనుప స్టాండ్లు నిలబెడితే గూడబాతులు వాటిని అంగీకరించాయి. అత్యవసరానికి అది మంచి ఉపాయమే. కానీ స్టాండు నీడనివ్వదు, గూటికి పుల్లలనివ్వదు. చింత, రావి, మర్రి, నేరేడు వంటి గట్టి వేరున్న చెట్లను ఊరి చుట్టూ, చెరువు గట్ల మీద, వేర్వేరు వయసుల్లో ఉండేలా పెంచడమే నిలకడైన ఉపాయం. ఉపాధి హామీ పనుల్లో ఈ మొక్కల పెంపకాన్ని చేర్చి, నాటినందుకు కాక బతికించినందుకు కూలి కడితే ఇరవై ఏళ్ల తర్వాతి పక్షికి ఇప్పుడే చోటు సిద్ధమవుతుంది.

పక్షి పరిశీలన డబ్బున్నవారి కాలక్షేపమన్న అభిప్రాయం ఒకటి మన సమాజంలో ఉంది. ఖరీదైన కెమెరాలను చూసి ఏర్పడిన అభిప్రాయం అది. నిజానికి దీనికి కావలసింది కళ్లు, ఓపిక, ఒక నోటుబుక్కు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. అందులో పాల్గొనేవారిలో చాలామంది సామాన్య ఔత్సాహికులే. గరివిడి బడిపిల్లలు తమ ఊరి చెరువుల్లో, బందల్లో, గెడ్డల వెంట ఏ నెలలో ఏ పక్షి ఎన్ని కనిపించాయో రాసిపెడితే, నాలుగైదేళ్లలో ఏ ప్రభుత్వ శాఖ దగ్గరా లేని సమాచారం తయారవుతుంది. పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ పుట్టినరోజైన నవంబరు 12ను బడిలో ఉపన్యాసంతో సరిపెట్టకుండా చెరువు గట్టు మీద గడపవచ్చు. అలా సాధన చేసిన పిల్లలు ఆ తర్వాత హౌరా రైలు మార్గం పట్టి తేలినీలాపురం వెళితే, వాళ్లు చూసేది వేరుగా ఉంటుంది. చెట్టు నిండా కొంగలను చూసి సంబరపడి తిరిగిరారు. మేతకు ఎటు పోతున్నాయి, ఎంతసేపటికి తిరిగొస్తున్నాయి, ఒక్కో గూటిలో ఎన్ని పిల్లలున్నాయి అని గమనిస్తారు, ఊరి పెద్దలను ప్రశ్నలు అడుగుతారు. మన చెరువులో కనిపించిన పక్షి అక్కడ గూడు కట్టిందని పోల్చుకుంటారు. తమ ఊరి చెరువు ఆక్రమణకు గురవుతుంటే అడిగే పౌరులు ఆ పిల్లల్లోంచే వస్తారు.

చేయవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. గ్రామసభల అంగీకారంతో కమ్యూనిటీ రిజర్వు. గూడున్న చెట్టుకు ఏటా సకాలంలో పరిహారం. సందర్శకులకు దూరం, సంఖ్య, శబ్దం విషయంలో ఖచ్చితమైన నియమాలు. తంపరల పటం, పోటునీటి పాయలకు రక్షణ. గరివిడి పశువైద్య కళాశాల భాగస్వామిగా ఆరోగ్య నిఘా. వీటిలో కొత్త చట్టం అవసరమైనది ఒక్కటీ లేదు. ఉన్న చట్టాన్ని, ఉన్న సంస్థలను ఒకచోటికి తేవాలన్న సంకల్పం చాలు. విజయాన్ని కొలిచే పద్ధతిని కూడా మార్చుకోవాలి. ఈ ఏడు ఎంతమంది సందర్శకులు వచ్చారని పర్యాటక శాఖ లెక్క చెబుతుంది. దాని పక్కనే మరో మూడు లెక్కలు ప్రజల ముందు ఉంచాలి: ఎన్ని గూళ్లలో పిల్లలు ఎగిరేదాకా బతికాయి, ఎంతమంది చెట్టు యజమానులకు సొమ్ము చేరింది, నిరుటికన్నా తంపర ఎన్ని ఎకరాలు తగ్గింది లేదా నిలిచింది. ఈ మూడూ మెరుగైన ఏడు ఎంతమంది వెళ్లినా ఇబ్బంది లేదు. ఇవి దిగజారుతున్న ఏడు సందర్శకుల సంఖ్య పెరిగిందని సంబరపడటం మనల్ని మనం మోసగించుకోవడమే. ఏ పక్షి ఊరికి వెళ్లినా ఈ మూడు లెక్కలు అడగడం సందర్శకుడి హక్కు, చూపించడం ప్రభుత్వ బాధ్యత.